రెండు చేతిఫోనుల తారతమ్యము

ప్రతి సంవత్సరము దసరా పండుగకు ముందును, వేసవి సెలవులకు ముందును మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులు మమ్ము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. అది పరీక్షలను గూర్చినది కాదు. పాఠశాల జీతమును గూర్చినదియు కాదు. "సారూ, పిల్లలకు ఏ ఫోను కొనుమందురు? పండ్రెండు పదమూడు వేలలో మంచిది యేది?" అనునదే యా ప్రశ్న. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, రామచంద్రాపురము ప్రాంతముల కర్మాగారములలో కూలిచేసి జీవించు కుటుంబములకు ఇది స్వల్ప విషయము కాదు. దినమునకు 500 రూపాయలు కూలి యనుకొన్నచో, పండ్రెండు వేల రూపాయల ఫోనుకు ఇరువదినాలుగు దినముల కష్టము చెల్లింపవలసి యుండును. అట్టి సొమ్ము వ్యర్థము కారాదు.

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి మేమొకసారి తప్పు చేసితిమి. ఆ సంగతి చెప్పి పాఠమును ప్రారంభింతుము.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వలన పాఠశాలలన్నియు మూతపడెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వమువారు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించిరి. మేమును మా విద్యార్థులకు అభ్యాసములను ఫోను ద్వారా పంపుచుంటిమి. అప్పుడు పాశమైలారములో కాంట్రాక్టు కూలిగా నున్న ఒక తండ్రి యొక ప్రకటన కాగితమును తెచ్చి మాకు చూపెను. దానిపై కెమెరాను గూర్చిన సంఖ్య పెద్ద అక్షరములలో నుండెను. మేము ఆ సంఖ్యను చూచి, "మంచిదే, కొనుము" అంటిమి. ఆయన పండ్రెండు నెలవాయిదాలపై దానిని కొనెను. ఏడవ నెల వచ్చునప్పటికి ఆ ఫోను నిండిపోయి, పాఠము తెఱచిన నిలిచిపోవుచుండెను. ఇంకను అయిదు వాయిదాలు చెల్లింపవలసి యుండెను. ఆయన కుమార్తె దినదినము మేనత్త యింటికి నడచిపోయి, అచ్చటి ఫోనులో పాఠములు వినెను. ఆ యింటివారు పనికిపోయిన దినమున ఆమెకు పాఠము లేదు. ఆ తండ్రి మమ్ము ఒక్కమాటయు అనలేదు. అదియే మాకు మిక్కిలి బరువుగా తోచెను.

2023 అక్టోబరు మాసమున ఆయనయే మరల వచ్చి, ఈసారి రెండు ప్రకటన కాగితములను మా బల్లపై నుంచి, "ఈ రెంటిలో ఏది, సారూ?" అని యడిగెను. మేము జవాబు చెప్పక రెండు దినములు గడువు కోరితిమి. ఆ రెండు దినములలో మేము నేర్చుకొనినదియే ఈ పాఠము.

పోల్చు విధానము

పోల్చుట యెట్లో నేర్చుకొనుటకు మన పటాన్‌చెరువాసులు దూరము పోనక్కరలేదు. 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ మన యూరనే యున్నది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ అను మెట్టపంటలపై అచ్చట పరిశోధనలు జరుగుచున్నవి. క్రొత్త వంగడమును పాత వంగడముతో పోల్చవలసినప్పుడు శాస్త్రజ్ఞులు దాని గింజ నిగనిగలాడుచున్నదని మెచ్చుకొని ఊరకుండరు. ఒకే నేలలో ప్రక్కప్రక్కన మడులు కట్టి, ఒకే దినమున విత్తి, ఒకే విధముగా నీరును ఎరువును ఇచ్చి, ఒకే మడిని నమ్మక పెక్కు మడులలో ప్రయోగము చేసి, పంటను తూచి చూతురు. ఒక వంగడమునకు నల్లరేగడియు, మఱియొకదానికి చవుడు నేలయు ఇచ్చి తూచినచో ఆ తూకమునకు అర్థము లేదు.

దీనినుండి మనకు మూడు సూత్రములు దొరకుచున్నవి. మొదటిది: రెంటిని ఒకే పనికి, ఒకే పరిస్థితిలో పెట్టి చూడవలెను. రెండవది: మనకు కావలసిన పంటను మాత్రమే తూచవలెను, గింజ కావలసినవాడు ఆకుల పచ్చదనమును తూచుట వ్యర్థము. మూడవది: ఒక దినము చూచి కాక, కాలమంతయు లెక్కించి తీర్పు చెప్పవలెను. మేము 2020లో ఈ మూడింటిని మఱచితిమి.

ఆ రెండు ఫోనులు

ఆయన తెచ్చిన కాగితములలో ఒకటి రెడ్మీ 12 5జి; రెండవది శామ్‌సంగ్ గెలాక్సీ ఎమ్ 14 5జి. మొదటిది చైనా దేశపు షావోమీ సంస్థవారిది. మన దేశమున 2023 ఆగస్టులో విడుదలయ్యెను. రెండవది కొరియా దేశపు సంస్థవారిది; 2023 ఏప్రిలులో విడుదలయ్యెను. విదేశపు పేర్లైనను ఈ రెండు సంస్థలకును మన దేశముతో సంబంధము కలదు. షావోమీవారు భారతదేశమున తయారైన తమ మొదటి ఫోనును 2015 ఆగస్టులో విశాఖపట్టణమున ప్రకటించిరి. అది అప్పటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీ కర్మాగారములో తయారైనది. శామ్‌సంగ్ వారు 2018లో నోయిడాలోని తమ కర్మాగారమును మిక్కిలి విస్తరించిరి.

రెంటిలోను తక్కువ వెలగల రకమునే పోలికకు తీసికొందము. రెండును 4 గిగాబైట్ల ర్యామ్, 128 గిగాబైట్ల నిలువ గలవి. విడుదలనాటి వెలలు: రెడ్మీకి 11,999 రూపాయలు, కొన్ని బ్యాంకు కార్డులు గలవారికి 10,999 రూపాయలు. శామ్‌సంగుకు ప్రారంభపు వెల 13,490 రూపాయలు. ఈ వెలలలోనే నూటికి 18 వంతున జి.ఎస్.టి. పన్ను చేరియున్నది. 2020 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము ఈ పన్ను నూటికి 12 మాత్రమే. 11,999 రూపాయలలో సుమారు 1,830 రూపాయలు పన్నే యని విద్యార్థులు లెక్కవేసి చూచుకొనవచ్చును.

పెద్ద అక్షరములలో నున్నవి

ప్రకటనలలో పెద్ద అక్షరములతో అచ్చువేయబడు విషయములు నాలుగు: ప్రాసెసరు, ర్యామ్, తెర, కెమెరా. వీనిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

ప్రాసెసరు ఫోనులో లెక్కలు చేయు భాగము. రెడ్మీలో స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 అను ప్రాసెసరును, శామ్‌సంగులో ఎక్సినోస్ 1330 అను ప్రాసెసరును కలవు. పేర్లు వేఱు, నిర్మాణము మాత్రము అన్నదమ్ముల వంటిది. రెంటిలోను ఎనిమిదేసి కోర్లు, అనగా లెక్క చేయు విభాగములు, ఉన్నవి. వానిలో రెండు బలమైనవి. ఆరు మితముగా విద్యుత్తు వాడుకొనునవి. బరువైన బండికి కట్టుటకు రెండు పెద్దయెడ్లను, చిల్లరపనులకు ఆరు చిన్నయెడ్లను ఉంచుకొనిన రైతువలె ఇవి పనిచేయును. బలమైన కోర్ల జాతి రెంటిలోను ఒకటే; వాని వేగము రెడ్మీలో 2.2 గిగాహెర్ట్జులు, శామ్‌సంగులో 2.4 గిగాహెర్ట్జులు. రెడ్మీ ప్రాసెసరు 4 నానోమీటర్ల పద్ధతిని, రెండవది 5 నానోమీటర్ల పద్ధతిని తయారైనది. ఈ సంఖ్య తగ్గినకొలది విద్యుత్తు కొంత ఆదా యగుట సామాన్యము. ఒకదానికి వేగమున కొంచెము మొగ్గు, మఱియొకదానికి పొదుపున కొంచెము మొగ్గు. చదువు పనులకు ఈ భేదము తెలియునా?

మాతో పనిచేయు ఇద్దరుపాధ్యాయులయొద్ద ఈ రెండు ఫోనులును ఉండుటచే మేము చిన్న పరీక్ష చేసితిమి. రెంటిలోను అదే పాఠ్యపుస్తకము, అదే పాఠపు వీడియో, అదే తెలుగు వ్యాసము. రెంటికిని అదే వైఫై. పదవ తరగతి విద్యార్థులను కూర్చుండబెట్టి, ఏది త్వరగా తెఱచుచున్నదో చెప్పుడని యడిగితిమి. కొందరు ఒకదానిని, కొందరు రెండవదానిని చెప్పిరి. మరల చేయించినప్పుడు చెప్పినవారే మాట మార్చిరి. కంటికి తెలియని భేదమునకు సొమ్ము చెల్లింపనక్కరలేదని అందరును ఒప్పుకొనిరి.

ర్యామ్ అనగా విద్యార్థి వ్రాతబల్ల; నిలువ అనగా పుస్తకముల బీరువా. బల్ల పెద్దదైనకొలది ఎక్కువ పుస్తకములు ఒక్కసారి తెఱచి పెట్టుకొనవచ్చును. 2020 నాటి ఫోనులో బల్ల 2 గిగాబైట్లు, బీరువా 32 గిగాబైట్లు మాత్రమే. ఆ బీరువాలో చాల భాగమును ఫోనుయొక్క సొంత సామగ్రియే ఆక్రమించుకొనెను. కావుననే అది యేడు నెలలకు నిండిపోయెను. ఇప్పుడు పోల్చుచున్న రెంటిలోను బల్లయు బీరువాయు సమానము. ఇచ్చట ఒక మోసమును గుర్తింపవలెను. కొన్ని దుకాణములలో 4 గిగాబైట్ల ఫోనును "8 గిగాబైట్లు" అని చెప్పుచున్నారు. "4+4" అని చిన్నగా వ్రాసియుండును. ఆ రెండవ నాలుగు నిజమైన బల్ల కాదు. బీరువాలో ఒక అరను ఖాళీచేసి బల్లగా వాడుకొనుట. బీరువాకు లేచిపోయి వచ్చువాడు బల్లయొద్ద కూర్చున్నవానివలె త్వరగా పని చేయజాలడు గదా!

తెరల విషయమున రెడ్మీది 6.79 అంగుళములు, శామ్‌సంగుది 6.6 అంగుళములు. రెండును స్పష్టతయందు ఒకే తరగతికి చెందినవి; రెండును సెకనుకు 90 మారులు బొమ్మను మార్చగలవి. తెలుగు ఒత్తులును దీర్ఘములును రెంటిలోను తేటగా కనబడెను.

ఇక కెమెరా. రెండు కాగితములపైనను "50 మెగాపిక్సెలులు" అని కలదు. మామూలుగా ఫోటో తీయునప్పుడు ఈ ఫోనులు నాలుగేసి చుక్కలను కలిపి ఒకటిగా చేయును. చేతికి వచ్చు బొమ్మ సుమారు 12.5 మెగాపిక్సెలులది. ప్రధాన కెమెరాకు తోడుగా నున్నవి 2 మెగాపిక్సెలుల చిన్న కటకములు. అవి కొలువులో పేరుకే యున్న బంట్లు. ముఖము చూపు కెమెరా రెడ్మీలో 8, శామ్‌సంగులో 13 మెగాపిక్సెలులు. నోటుపుస్తకపు పుటను ఫోటో తీసి గురువునకు పంపుటకు రెండును చాలును.

కాబట్టి పెద్ద అక్షరములలో నున్న నాలుగు విషయములలో ఈ రెండు ఫోనులకు చెప్పదగిన భేదము లేదని తేలినది. కొనువాని కన్ను నిలుచునది వీనిపైననే. భేదము మాత్రము వీనిలో లేదు.

చిన్న అక్షరములలో నున్నవి

అట్లయిన భేదమెచ్చట నున్నది? కాగితపు అడుగుభాగమున, భూతద్దము పెట్టి చదువదగిన చోట నున్నది.

మొదటిది బ్యాటరీ. రెడ్మీకి 5,000 మిల్లీ ఆంపియరు గంటలు, శామ్‌సంగుకు 6,000. అనగా అయిదింట నొకవంతు అధికము. బ్యాటరీలు మనుష్యులవలెనే ముసలివగును. వందలకొలది మారులు నింపి ఖాళీచేసిన పిమ్మట వాని పట్టు తగ్గును. 6,000 గలది అయిదింట నొకవంతు పట్టు కోల్పోయినను ఇంకను 4,800 మిగులును. అది మొదటిదాని క్రొత్త బ్యాటరీకి కొంచెమే తక్కువ. ఇద్దరు ముగ్గురు పిల్లలు పంచుకొను ఇంటికి ఈ భేదము పెద్దది.

రెండవది చార్జరు. రెడ్మీ పెట్టెలో చార్జరు కూడ నుండును. శామ్‌సంగు పెట్టెలో తీగ మాత్రమే యుండును, చార్జరు లేదు. ఆ ఫోను 25 వాట్లతో నింపుకొనగలదు, కాని అందుకు తగిన చార్జరును వేఱుగా కొనవలెను. ఇంట తగిన చార్జరు ఉన్నవానికి ఇది నష్టము కాదు. లేనివానికి వెలలో చేరినట్లే.

మూడవది దేహము. రెడ్మీ వీపు గాజుది; అందముగా నుండును, చేజారిన పగులు భయము కలదు. అది నీటి తుంపరలకు ఓర్చునని సంస్థవారు చెప్పిరి. శామ్‌సంగు వీపు ప్లాస్టిక్కుది. అంత శోభ లేదు, అంత భయమును లేదు. పుస్తకముల సంచిలో పడవేయు పిల్లల చేతికి ఏది తగునో తల్లి యెఱుగును.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది: ఎన్ని సంవత్సరములు ఆ ఫోనును సంస్థవారు కాపాడుదురు అనునది. ఫోనులోని సాఫ్ట్‌వేరునందు దొంగలు దూరుటకు వీలైన సందులు ఎప్పటికప్పుడు బయటపడుచుండును. సంస్థవారు వానిని పూడ్చుచు భద్రతా సవరణలను పంపుచుందురు. అవి నిలిచిపోయిన ఫోను తలుపుగడియ ఊడిన ఇల్లువంటిది. ఇప్పుడు కూలి సొమ్ము, గ్యాసు బిల్లు, పాఠశాల జీతము సైతము ఫోను ద్వారా చెల్లించుచున్నాము గావున ఈ గడియ చాల ముఖ్యము. రెడ్మీ 12కు రెండు ఆండ్రాయిడ్ మార్పులును, మూడేండ్ల భద్రతా సవరణలును వాగ్దానము చేయబడెను. శామ్‌సంగ్ ఎమ్ 14కు రెండు ఆండ్రాయిడ్ మార్పులును, నాలుగేండ్ల భద్రతా సవరణలును వాగ్దానము చేయబడెను.

ఈ సంవత్సరములను మనము కొనిన దినమునుండి లెక్కింపరు. ఆ రకము విడుదలయైన దినమునుండి లెక్కింతురు. మొదటిదాని కాలము సుమారు 2026 ఆగస్టు వఱకును, రెండవదాని కాలము సుమారు 2027 ఏప్రిలు వఱకును. ఆలస్యముగా కొనువానికి తక్కువ నెలలు మిగులును. "ఈ దినము సగము వెలకే" అను ప్రకటనలోని రహస్యము పెక్కుసారులు ఇదియే.

వెల వేఱు, విలువ వేఱు

వెల యనగా అంగడిలో చెల్లించు సొమ్ము. విలువ యనగా ఆ సొమ్ముకు మనకు లభించు సేవ. ఒక ఫోను ఎన్ని నెలలు భద్రముగా పనిచేయునో యెఱిగినచో, మొత్తము ఖర్చును ఆ నెలలచే భాగించి, నెల యొకటికి ఎంత పడునో చూడవచ్చును. ఆ తండ్రి వచ్చిన 2023 అక్టోబరు మాసమునే ఆధారముగా తీసికొని, విడుదల వెలలతో లెక్క చేయుదము. అప్పటికి రెడ్మీకి 34 నెలలు, శామ్‌సంగుకు 42 నెలలు మిగిలియుండెను.

రెడ్మీ: 11,999 రూపాయలను 34చే భాగింపగా నెలకు సుమారు 353 రూపాయలు.

శామ్‌సంగ్: 13,490 రూపాయలకు చార్జరు నిమిత్తము 1,000 రూపాయలు చేర్చుదము. మొత్తము 14,490. దీనిని 42చే భాగింపగా నెలకు 345 రూపాయలు.

అంగడిలో 1,491 రూపాయలు తక్కువగా కనబడినది నెల లెక్కలో కొంచెము ప్రియమైనది! అయినను ఇంతటితో తీర్పు చెప్పరాదు. బ్యాంకు కార్డు గలవానికి రెడ్మీ వెల 10,999. నెలకు సుమారు 324. అప్పుడు రెడ్మీయే చవుక. ఇంట తగిన చార్జరు ఉన్నవానికి శామ్‌సంగు 13,490 మాత్రమే. నెలకు సుమారు 321. అప్పుడు రెండును సమానమే. అనగా "ఏది మంచిది?" అను ప్రశ్నకు ఫోనులో మాత్రమే జవాబు లేదు, కొనువాని యింటిలో కూడ నున్నది. కార్డు రాయితీ కార్డు గలవానిది. కూలివాని వెల పూర్తి వెలయే. ప్రకటనలో తక్కువ వెలయే పెద్దదిగా అచ్చుపడును గాని అది అందరికిని వర్తింపదు.

వాయిదాల లెక్కయు చేయుదము. 11,999 రూపాయల ఫోనును నెలకు 1,200 వంతున పండ్రెండు వాయిదాలకు, దానిపై 400 రూపాయల రుసుముతో ఒకడు కొనెననుకొందము. మొత్తము 14,800 రూపాయలు. 34 నెలలకు భాగింపగా నెలకు 435 రూపాయలు. అదే ఫోనుకు, అదే సేవకు నెలకు 82 రూపాయలు అధికము. "వడ్డీ లేదు" అని దుకాణదారు చెప్పినను, రుసుములన్నియు చేర్చి మొత్తమెంత యగునో కాగితముపై వ్రాయించుకొని గాని సంతకము చేయరాదు.

ఏది కొనిరి?

రెండవ దినము సాయంకాలము మేము ఆ తండ్రిని కూర్చుండబెట్టి ఈ లెక్కలన్నియు చూపితిమి. ఏది కొనవలెనో చెప్పలేదు. ఆయన ఇల్లాలిని కూడ పిలిపించెను. ఆమె మమ్మడిగిన మొదటి ప్రశ్న మేము రెండు దినములలో తలంపనిది: "రాత్రి డ్యూటీకి ఈయన ఫోను తీసికొనిపోయినచో పిల్లలకు మిగులునదేమి, సారూ?" నిజమే. ఆ ఫోను పిల్లలకు మాత్రమే కాదు. షిఫ్టు మారిన దినమున తండ్రి వెంట పోవలసినది. తెల్లవారి ఆయన తిరిగి వచ్చినప్పుడు దానిలో పాఠమునకు చాలినంత బ్యాటరీ మిగిలియుండవలెను. ఆ ఒక్క ప్రశ్నతో వారి తీర్పు తేలిపోయెను. పెద్ద బ్యాటరీయు, దీర్ఘకాలపు భద్రతయు గల రెండవదానినే కోరిరి.

అయితే వారు వెంటనే కొనలేదు. ఆమె వేసిన చీటీ డిసెంబరులో రావలసి యుండెను. అంతవఱకు ఆగి, వాయిదాలు లేక రొక్కమిచ్చి కొనిరి. రెండు నెలలు ఆగుటచే మిగిలిన కాలము 40 నెలలకు తగ్గి, మన లెక్క ప్రకారము నెలకు సుమారు 362 రూపాయలు పడెను. అది 345 కంటె అధికమే, కాని వాయిదాలతో తక్కువ వెల ఫోను కొనినచో పడు 435 కంటె ఎంతయో తక్కువ. ఇంటిలో తగిన చార్జరు లేదు గాని, ఒక్క ఫోనుతో సరిపెట్టుకొను యోచనలేని మఱియొక కుటుంబము, మితమైన వాడుకకు, రాయితీ కార్డుతో మొదటిదానిని కొనెను. వారును తప్పు చేయలేదు.

ఇప్పటి కొనుగోలుదారులకు

ఈ రెండు ఫోనులును 2023వ సంవత్సరపువి. వృక్షశాస్త్ర పాఠమునకు ఒత్తి ఆరబెట్టిన పువ్వును చూపునట్లు మేము వీనిని నమూనాగా చూపితిమి. పేర్లు మాఱును, ప్రశ్నలు మాఱవు. క్రొత్త ఫోను కొనునప్పుడు ఈ వరుస తప్పక అనుసరింపుడు. ముందుగా ఇంటివారందరు కూర్చుండి ఫోనుతో చేయు పనులను కాగితముపై వ్రాయుడు. పిమ్మట ఆ రకము ఎప్పుడు విడుదలయ్యెనో, భద్రతా సవరణలు ఎంతకాలము వచ్చునో అడుగుడు. నిజమైన ర్యామ్ ఎంత, పెట్టెలో చార్జరు కలదా, బిల్లు ఇత్తురా అని అడుగుడు. మొత్తము ఖర్చును మిగిలిన నెలలచే భాగింపుడు. కెమెరా సంఖ్యను అన్నిటికంటె చివర చూడుడు.

వాడిన ఫోనును కొనువారు మఱింత జాగరూకులై యుండవలెను. ఫోనులో *#06# అని నొక్కిన పదునైదు అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్య కనబడును. కేంద్ర ప్రభుత్వమువారు 2023 మే మాసమున ప్రారంభించిన సంచార్ సాథీ సేవలో ఆ సంఖ్యను పరీక్షింపవచ్చును. ఆంగ్లాక్షరములలో కె.వై.ఎమ్. అని వ్రాసి, కొంత ఎడమిచ్చి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపినను వివరము తెలియును. దొంగిలింపబడి నిలుపబడిన ఫోనును తెలియక కొని సొమ్ము పోగొట్టుకొనకుండుటకు ఇది సుళువైన యుపాయము.

ముగింపు

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, దానిని ముగించుటకు తగిన సొమ్ము తనయొద్ద కలదో లేదో లెక్కచూచుకొను ఉపమానమును మన విద్యార్థులందరు ఆదివారపు పాఠశాలలో వినినవారే. ఆ ఉపమానములో లెక్క వేయుట పిసినితనము కాదు, వివేకము. 2020లో మేము కూర్చుండక నిలుచుండియే జవాబు చెప్పితిమి. అందుకు పరిహారము ఒక బాలిక కాళ్లు చెల్లించెను. ఆ బాలిక ఇప్పుడు ఇంటర్మీడియట్టు ముగించి పైచదువు చదువుచున్నది. ఇప్పటికిని మమ్ము చూచినప్పుడు నమస్కరించుచున్నది. ఆ నమస్కారమును అందుకొనునప్పుడెల్ల ఈ లెక్క మాకు జ్ఞాపకము వచ్చును.

ఉపాధ్యాయుని మాటను నమ్మి బీదవాడు సొమ్ము వెచ్చించును. దుకాణదారు మాటకంటె మా మాట బరువైనది. కావున తోటి యుపాధ్యాయులారా, మనకు తెలియని వస్తువును గూర్చి యడిగినప్పుడు "రెండు దినములు గడువిండు" అనుటకు సిగ్గుపడకుందుము. విద్యార్థులారా, మీ ఇంట ఫోను కొనునప్పుడు రంగును గూర్చి పట్టుపట్టక, ఈ లెక్క వేసి మీ తలిదండ్రులకు చూపుడు. మీరు నేర్చిన భాగహారమునకు ఇంతకంటె మంచి వినియోగము వేఱొకటి యుండదు.

అభ్యాసము

1. ఒక ఫోను వెల 9,600 రూపాయలు. భద్రతా కాలము ఇంకను 24 నెలలు. మఱియొక ఫోను వెల 12,600 రూపాయలు. భద్రతా కాలము ఇంకను 42 నెలలు. నెలకు ఏది చవుక? ఎంత చవుక?

2. 11,800 రూపాయల ఫోను వెలలో నూటికి 18 వంతున పన్ను చేరియున్నది. పన్ను ఎంత? వస్తువు అసలు వెల ఎంత?

3. "4+4 గిగాబైట్లు" అను మాటకు అర్థమేమి? బల్ల, బీరువాల పోలికతో అయిదు వాక్యములలో వివరింపుము.

4. మీ ఇంటివారందరితో కూర్చుండి, ఒక దినములో ఫోనుతో ఎవరెవరు ఏయే పనులు చేయుదురో, ఎంతసేపు చేయుదురో పట్టికగా వ్రాయుము. అమ్మను అడుగుట మఱవకుము.